ఆటల మాస్టారు రహీం

బడిలో ఆటల పీరియడు వచ్చిందంటే పిల్లలకు పండుగ. మెడలో ఈల వేసుకొని మైదానంలో నిలబడే ఉపాధ్యాయుణ్ణి మన పల్లెల్లో ‘డ్రిల్లు మాస్టారు’ అంటారు. కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో ఈ బాధ్యత చూసేవారిని ‘ఫిజికల్ డైరెక్టరు’ అంటారు. జిగణిలో బడి చదువు ముగించి బెంగళూరు కళాశాలలకు వెళ్లే మీ అన్నలను, అక్కలను అడిగి చూడండి. జట్టును ఎంపిక చేయడం, పోటీలు ఏర్పాటు చేయడం, ఊరు దాటించి తీసుకొనిపోయి క్షేమంగా తిరిగి తీసుకొనిరావడం అన్నీ ఆయన పనులే. అయినా పరీక్షలు దగ్గర పడితే మొదట పోయేది ఆయన పీరియడే. లెక్కల మాస్టారు వచ్చి అడిగి తీసుకొంటారు!

అటువంటి ఆటల మాస్టారు ఒకరు మన దేశపు ఫుట్‌బాల్ జట్టును ఆసియా క్రీడల్లో రెండుసార్లు విజేతగా నిలిపారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు ప్రజలకు ఆయన ‘రహీం సాబ్’.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొనే రోజుల్లో ఆ విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు. పట్టభద్రులైన తరువాత నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయులుగా పనిచేశారు. అంతటితో ఊరుకోక, వ్యాయామ విద్యలో ఏడాది డిప్లొమా పొంది, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలో ఆటల బాధ్యత స్వీకరించారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. జీవితాంతం ఆ పదవిలో కొనసాగారు.

పిల్లవానికి ఏ పాఠం రాదో గమనించి, ఆ పాఠాన్నే మళ్లీ మళ్లీ చెప్పడం మంచి ఉపాధ్యాయుని లక్షణం. రహీం మైదానంలోనూ అదే చేశారు. మన ఆటగాళ్లలో చాలామంది కుడికాలితోనే బంతిని తన్నేవారు. ఎడమకాలు వారికి ఊతకర్ర వంటిదే! అందుకని బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను ఆయన ఏర్పాటు చేశారు. బంతి దొరికితే దానిని తన దగ్గరే ఉంచుకొని అందరినీ తప్పించుకొంటూ పరుగెత్తడం మరికొందరి అలవాటు. చూసేవారికి అది ముచ్చటగా ఉంటుంది గాని జట్టుకు లాభం లేదు. అలా పరుగెత్తకూడదు, బంతి రాగానే తోటివానికి అందించాలి అనే నియమంతో కూడా పోటీలు జరిపారు. ఓడినా గెలిచినా ఆ పోటీలో ఆడిన ప్రతివాడూ ఒక పాఠం నేర్చుకొనే ఇంటికి వెళ్లేవాడు.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో రహీం శిక్షణ పొందిన భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణపతకం పొందింది.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం పరాభవం ఎదురైంది. యుగోస్లావియా చేతిలో మనవారు 10-1తో ఓడారు. ఆ చలిదేశంలో మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ తరువాతనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం ఆ ఓటమిని మరచిపోలేదు. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. అందులో మూడు గోల్స్ నెవిల్ డిసౌజా చేసినవే. పతకం రాలేదు, నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకన్న పైకి ఎన్నడూ పోలేదు.

మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో తులసీదాస్ బలరాం ఒకడు. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన పేద కుర్రవాడు. అతని ఆట చూసి రహీం శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి డబ్బు లేదని కుర్రవాడు చెప్పాడు. సైకిలు అద్దెకు తీసుకొని రమ్మని రహీం రూపాయి ఇచ్చారు. ఈ సంగతిని బలరాం పెద్దవాడైన తరువాత కూడా చెప్పుకొనేవాడు.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మొదటి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియాతో 2-0తో ఓడింది. తరువాత థాయిలాండును, జపానును, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను గెలిచి ఫైనల్ చేరింది. అక్కడ ఎదురు నిలిచింది మళ్లీ దక్షిణ కొరియాయే!

ఇజ్రాయెల్, తైవాన్ దేశాల క్రీడాకారులను రానీయకపోవడాన్ని మన దేశపు క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టారు. దానితో అక్కడి ప్రజలకు మనమీద కోపం వచ్చింది. సెప్టెంబరు 4న నిండిన మైదానమంతా మన జట్టును గేలిచేసింది. మనవారిని ప్రోత్సహిస్తూ కేకలు వేసినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు! ఇది తెలుసుకోదగిన విషయం.

రక్షణ పంక్తిలో ఆడే జర్నైల్ సింగ్ థాయిలాండుతో ఆటలో తలకు దెబ్బ తగిలి, కుట్లు వేయించుకొన్నాడు. మరొక శిక్షకుడైతే అతణ్ణి పక్కన కూర్చోబెట్టేవాడు. రహీం అతణ్ణి దాడిచేసే పంక్తి మధ్యకు పంపారు. ఇది సాహసమే. ఫైనల్‌కు ముందు, తనకొక కానుక కావాలి, అది బంగారు పతకం అని ఆయన ఆటగాళ్లతో అన్నారట. పి.కె. బెనర్జీ 17వ నిమిషంలో ఒక గోల్, కట్టు కట్టిన తలతో ఆడిన జర్నైల్ 20వ నిమిషంలో మరొక గోల్ చేశారు. చివరి నిమిషాల్లో కొరియా ఒకటి చేసింది. 2-1తో పతకం మనదైంది.

తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్లు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత జట్టుకు 1970లో కాంస్యం వచ్చింది. స్వర్ణం మళ్లీ రాలేదు.