నేలబొగ్గా, కర్రబొగ్గా?

మాది గరివిడి. ఊళ్లో ఫెర్రో అల్లాయ్స్ కార్ఖానా, గర్భాం వైపు మాంగనీసు గనులు. చిన్నప్పుడు కోక్ లారీలు చూసి, అదంతా మంట కోసమే అనుకునేవాణ్ణి. ఇంజనీరింగులో చేరాక గానీ నా పొరపాటు తెలియలేదు.

ఆ కొలిమికి వేడినిచ్చేది కరెంటు. కోక్ పని వేరు: ఖనిజంలో మాంగనీసును పట్టుకున్న ఆక్సిజన్‌ని లాగేయడం. అంటే అది ముడిసరుకు. కరెంటంతా సోలార్‌దే అయినా దాని అవసరం తీరదు.

లెక్క చూడండి. మాంగనీస్ ఆక్సైడు నుంచి 55 కిలోల మాంగనీసు తీయాలంటే కనీసం 12 కిలోల కార్బన్ కావాలి. అప్పుడొచ్చే 28 కిలోల కార్బన్ మోనాక్సైడు మండితే 44 కిలోల కార్బన్ డయాక్సైడు అవుతుంది.

ఆ కార్బన్ నేలబొగ్గు నుంచే రానక్కర్లేదు. బ్రెజిల్‌లో యూకలిప్టస్, అదే మన నీలగిరి, తోటల కర్రబొగ్గుతో ఇనుము తీస్తున్నారు. చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బనే తిరిగి గాలిలో కలుస్తుంది. మన వైపూ నీలగిరి, సరుగుడు తోటలున్నాయి కదా!

కానీ చిక్కులు రెండు. కర్రబొగ్గుకి గట్టిదనం తక్కువ. కొలిమిలో బరువుకి నలిగి పొడైతే వాయువులు పైకి పోవడానికి దారుండదు. రెండోది నేల. కిలో కర్రబొగ్గుకి సుమారు నాలుగు కిలోల ఎండుకర్ర కావాలి. ఆ 12 కిలోల కార్బన్‌కే యాభై కిలోల పైన కర్ర! నరికినచోట మళ్లీ నాటకపోతే లాభం లేదు, పంటచేలల్లో నాటితే తిండిగింజలకి చోటుండదు.

ఈసారి ఇండస్ట్రియల్ విజిట్‌కి వెళ్తే, కరెంటు ఎక్కడిదని అడిగి ఊరుకోకండి. కార్బన్ ఎక్కడిదో కూడా అడగండి.