కొత్త రోకలిబండకు పేరు పెట్టాలంటే

తొలకరి పడ్డాక విజయవాడ గవర్నర్‌పేటలో ఏ పూలకుండీ పక్కకు జరిపినా ఇటుకరంగు రోకలిబండ ఒకటి చుట్ట చుట్టుకుని కనబడుతుంది. కొత్త జాతి దొరికిందని సంబరపడక్కర్లేదు. అది చాలామటుకు ట్రిగోనియులస్ కొరాలినస్ అయి ఉంటుంది. ఆగ్నేయాసియాలో పుట్టి, మొక్కల మట్టితో పాటు ప్రయాణించి వేడి దేశాలన్నిటా కాపురం పెట్టిన రకం. తాటాకు కప్పుల్లో నల్లటి ఒంటిమీద ఎర్ర చారలతో కనిపించే జెనోబోలస్ కార్నిఫెక్స్ కూడా పాత కాపే. దానికి ఫాబ్రిషియస్ అనే శాస్త్రవేత్త 1775లోనే పేరు పెట్టేశాడు. ప్రపంచంలో పేరున్న రోకలిబండలు 12 వేల దాకా ఉన్నాయి. మన దేశంలో 2016 నాటి జాబితా ప్రకారం సుమారు 270. పేరు లేనివి ఇంకా ఎన్నో రెట్లున్నాయని నిపుణుల అంచనా. వాటిలో ఒకటి దొరికితే తర్వాత జరిగే పని ఇది.

మొదట కాగితం. కొండపల్లి రిజర్వు ఫారెస్టైనా, నల్లమలైనా, పాపికొండలైనా అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా పురుగును కూడా సీసాలో వేసుకురాకూడదు. అనుమతి చేతికొచ్చాక వానల కోసం చూడాలి. ఎండల్లో ఇవి మట్టి లోతుకు దిగిపోతాయి. నేల బాగా తడిశాక పుచ్చిన మొద్దుల కింద, బెరడు వెనక, రాలిన ఆకుల పొరలో వెతకాలి. చిన్నవి కంటికి ఆనవు. ఆకుల చెత్తను జల్లెడ పట్టి, కింద జాలీ ఉన్న గరాటులో పోసి పైన బల్బు వెలిగిస్తారు. వేడికి ఆగలేక పురుగులు కిందికి దిగి ఆల్కహాల్ సీసాలో పడతాయి. ఇటలీ శాస్త్రవేత్త బెర్లేసే మొదలుపెట్టిన ఈ గరాటు పద్ధతి నూరేళ్లు దాటినా వాడుకలోనే ఉంది.

పట్టుకునేటప్పుడు చేతికి గ్లవుజులుండాలి. గుండ్రటి ఒళ్లున్నవాటిలో చాలా రకాలు వదిలే క్వినోన్లు అనే రసాయనాలు వేళ్లకు గోధుమరంగు మరక చేస్తాయి, అది రోజుల తరబడి పోదు. బల్లపరుపు ఒళ్లున్న పాలీడెస్మిడా వర్గం వాటి నుంచి చేదు బాదం వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సైనైడ్. మనిషికి అంత కొద్దిపాటిది ప్రమాదం కాదు గానీ, మూత బిగించిన డబ్బాలో పదింటిని కుక్కితే ఒకదాని విషానికి ఇంకొకటి చస్తుంది. ప్రాణంతో ఉండగానే ఫోటోలు తీయాలి. ఆల్కహాల్‌లో పడ్డాక రంగులు నిలవవు.

ఇక చీటీ. కొత్తవాళ్లు చులకన చేసేదీ, తర్వాతి తరాలు మొత్తుకునేదీ దీని దగ్గరే. ఊరు, అడవి, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, సేకరించినవారి పేరు రాసి సీసా లోపలే వేయాలి. పెన్సిలుతో రాయాలి, బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. చోటు సరిగా తెలియకపోతే ఏమవుతుందో మన గుత్తి సాలీడు చూపించింది. గుత్తిలోని రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క నీలి సాలీడును చూసి లండన్‌లోని శాస్త్రవేత్త పోకాక్ 1899లో దానికి పొయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. అది కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని తర్వాతివాళ్ల ఊహ. 2001లో మళ్లీ కనబడింది గుత్తిలో కాదు, దాదాపు 100 కిలోమీటర్ల అవతల నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. ఒక జీవి అసలు ఇల్లు తెలియడానికి నూరేళ్లు పైబడ్డాయి.

బల్ల మీదికి వచ్చాక అసలు పని మొదలు. ఆకారం చూడటానికి 70 శాతం ఆల్కహాల్ చాలు. డీఎన్‌ఏ కోసం ఒకటి రెండు కాళ్లు 95 శాతం దాటిన ఆల్కహాల్‌లో వేసి ఫ్రీజర్‌లో దాస్తారు. ఆపైన మైక్రోస్కోప్ కింద వెతకాల్సింది ఎదిగిన మగదాన్ని. రంగు, పొడవు, కాళ్ల లెక్క జాతిని తేల్చలేవు. పాలీడెస్మిడాలో ఎక్కువ రకాలకు ఎదిగాక 20 వలయాలే, ఆడదానికి 31 జతల కాళ్లు, మగదానికి 30. అక్కచెల్లెళ్ల లాంటి జాతులను ఈ లెక్కతో విడదీయలేం. తేడా పట్టిచ్చేది మగదాని ఏడో వలయం. అక్కడ నడక కాళ్లు మారిపోయి గోనోపాడ్ అనే సంగమ అవయవమవుతాయి. మగదాని వీర్యం బయటికొచ్చేది రెండో జత కాళ్ల దగ్గర. అక్కణ్ణుంచి దాన్ని ఈ గోనోపాడ్‌లోకి ఎత్తుకుని ఆడదానికి అందిస్తుంది. దాని వంకీలు, ముళ్లు, పొరలు జాతి జాతికీ వేరు, తాళంచెవి పళ్ల లాగా. సన్నటి సూదులతో దాన్ని ఊడదీసి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి, అన్ని వైపుల నుంచీ బొమ్మ గీస్తారు. వీలుంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటోలు. నా ఓటు మాత్రం గీతబొమ్మకే. ఫోటో అన్నీ చూపిస్తుంది, బొమ్మ చూడాల్సింది చూపిస్తుంది. బంతిలా ముడుచుకునే ఆర్థ్రోస్ఫేరా రకాలకు ఈ ఏడో వలయం సూత్రం వర్తించదు. వాటికి మారిన కాళ్లు తోక వైపున ఉంటాయి. ఆడది ఒక్కటే దొరికితే, చాలా వర్గాల్లో, వచ్చే వానాకాలం దాకా ఆగడమే.

ఆ తర్వాత పోల్చి చూడటం. దీనికి నెలలు పడతాయి, ఏళ్లూ పట్టొచ్చు. 1936లో ఆటెమ్స్ రాసిన భారతదేశపు రోకలిబండల గ్రంథం, పోకాక్, సిల్వెస్ట్రీ పాత వ్యాసాలు తిరగేయాలి. పాత వర్ణన రెండు వాక్యాలే ఉండి బొమ్మ లేకపోతే లండన్, వియన్నా, కోల్‌కతా మ్యూజియంలలోని మూల నమూనాల ఫోటోలు తెప్పించుకోవాలి. చాలా "కొత్త జాతులు" ఇక్కడే చచ్చిపోతాయి, అది మంచిదే. ఒకే పురుగుకు రెండు పేర్లుంటే తర్వాతివాళ్లకు శిరోభారం. డీఎన్‌ఏలో సీఓఐ అనే జన్యువులోని సుమారు 650 అక్షరాల ముక్కను చదివించి పోల్చడం ఇప్పుడు మామూలైంది. అయితే పోల్చడానికి చుట్టాల డీఎన్‌ఏ కూడా నమోదై ఉండాలి కదా.

పేరు పెట్టడం అన్నిటికన్నా తేలిక. జంతు నామకరణ నియమావళి ప్రకారం పేరు రోమన్ లిపిలో ఉండాలి. వర్ణన ఏ భాషలోదైనా చెల్లుతుంది, తెలుగులో రాసినా సరే. ఊరి పేరు, మనిషి పేరు, లక్షణం, ఏదైనా వాడొచ్చు. అమెరికాలో 2022లో ఒకదానికి గాయని టేలర్ స్విఫ్ట్ పేరు పెట్టారు. నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, ఆస్ట్రేలియన్ మ్యూజియంకు చెందిన విల్సన్ కలిసి 2011లో మన రాష్ట్రపు గుహలో దొరికిన, రొయ్య పీతల కోవకు చెందిన ఒక జీవికి కొత్త ప్రజాతినే ఏర్పరచి ఆంధ్రకాయిడెస్ అన్నారు. తన పేరు తానే పెట్టుకోవడం మాత్రం మర్యాద కాదు.

పేరుతో పాటు ఒకే ఒక్క నమూనాను, సాధారణంగా మగదాన్ని, హోలోటైప్‌గా ప్రకటించాలి. దాన్ని ఇంట్లో బీరువాలోనో కాలేజీ ల్యాబులోనో ఉంచుకోవడం కుదరదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేసి అక్కడే జమ చేయాలి. జంతువులకైతే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది, హైదరాబాద్‌లోనూ దాని కేంద్రం ఉంది. ఆ నమోదు సంఖ్య, వర్ణన, బొమ్మలు, దగ్గరి జాతులతో తేడాలు కలిపి వ్యాసం రాస్తే జూటాక్సా, జూకీస్ వంటి పత్రికలు నిపుణుల చేత పరీక్ష చేయించి వేస్తాయి. అచ్చయిన రోజే ఆ పేరు పుట్టినరోజు.

విజయవాడ కాలేజీల జువాలజీ అధ్యాపకులకు ఒక మాట. కొండపల్లి పాతిక కిలోమీటర్ల లోపే ఉంది. పిల్లల్ని తీసుకెళ్లాలనుకుంటే అనుమతి దరఖాస్తు వేసవిలోనే పెట్టండి, కాగితం వచ్చేదాకా తొలకరి ఆగదు.