బి.ఎస్సీ. నర్సింగ్ - మన హాస్టల్ విద్యార్థినులు తెలుసుకోవలసిన విషయాలు



మేము నలుగురం ఈ హాస్టల్లోనే ఉండి పదవ తరగతి పాసయ్యాం. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో పూర్తి చేసి ఇప్పుడు బి.ఎస్సీ. నర్సింగ్ చదువుతున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడం ఫోన్ చేసినపుడు కవిత రాద్దామా, జ్ఞాపకాలు రాద్దామా అని చాలాసేపు ఆలోచించాం. చివరికి, ఈ కోర్సులో చేరే ముందు మాకు ఎవరూ చెప్పని విషయాలు మీకు చెప్పడమే మేలు అనిపించింది.

ఎవరు చేరవచ్చు?

ఇంటర్లో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు, ఇంగ్లీషు చదివి పాసై ఉండాలి. సైన్సు సబ్జెక్టులలో కలిపి 45 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 40 శాతం చాలు. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం సీట్ల నోటిఫికేషన్లు ఇస్తాయి. వాటిని ప్రతి ఏడాదీ జాగ్రత్తగా చదవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తెచ్చి పెట్టుకోండి. మాలో ఒకరు ఆదాయ పత్రం కోసం ఆఖరి రోజున మండల ఆఫీసు చుట్టూ తిరిగి, సాయంత్రం ఏడ్చుకుంటూ అప్లికేషన్ ఇచ్చింది. ఆ అవస్థ మీకు వద్దు.

ఏమేమి చదవాలి?

ఇది నాలుగేళ్ల కోర్సు. భారత నర్సింగ్ కౌన్సిల్ కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం 2021-22 నుండి ఎనిమిది సెమిస్టర్లుగా నడుస్తోంది. మొదటి ఏడాది శరీర నిర్మాణం, శరీర ధర్మం, మనస్తత్వ శాస్త్రం, పోషకాహారం, నర్సింగ్ మూలసూత్రాలు ఉంటాయి. తర్వాత సూక్ష్మజీవుల శాస్త్రం, మందుల శాస్త్రం, పెద్దల ఆరోగ్య సేవలు వస్తాయి. ఆ పైన పిల్లలు, మానసిక రోగులు, గర్భిణులు, గ్రామ ఆరోగ్యం గురించి నేర్చుకోవాలి. చివరి సెమిస్టరు పూర్తిగా ఇంటర్న్‌షిప్.

ఇంగ్లీషు భయం

నిజం చెప్పాలంటే మొదటి నెల మాకు క్లాసులో ఏమీ అర్థం కాలేదు. మాలో ఒకరు ట్రంకు పెట్టె సర్దుకుని బస్టాండు దాకా వెళ్లి తిరిగి వచ్చింది. అప్పుడు మాకు దొరికిన ఉపాయం ఇది. వైద్య పదాలు పెద్దవిగా కనిపిస్తాయి కానీ ముక్కలు చేస్తే చిన్నవే. చివర 'ఐటిస్' అని వస్తే వాపు. 'హెపటో' అంటే కాలేయం, కనుక హెపటైటిస్ అంటే కాలేయ వాపు. 'నెఫ్రో' అంటే మూత్రపిండం, కనుక నెఫ్రైటిస్ అంటే మూత్రపిండాల వాపు. 'టాకీ' అంటే వేగం, 'బ్రాడీ' అంటే మందం. 'హైపర్' ఎక్కువ, 'హైపో' తక్కువ. ఒక నోటు పుస్తకంలో రోజుకు పది ముక్కలు రాసుకుని, స్టడీ అవర్లో ఒకరినొకరు అడుగుకున్నాం. మూడు నెలలకు భయం పోయింది. మీరు ఈ పని ఇంటర్లోనే మొదలుపెట్టవచ్చు.

లెక్కలు వదలవద్దు

బైపీసీ తీసుకుంటే లెక్కలతో పని లేదని అనుకున్నాం. అది తప్పు. మన మాస్టారు ఎనిమిదో తరగతిలో చెప్పిన త్రైరాశికమే వార్డులో రోజూ కావాలి.

ఉదాహరణ 1: డాక్టరు గారు 250 మిల్లీగ్రాముల మందు రాశారు. సీసాలో 5 మిల్లీలీటర్లకు 500 మిల్లీగ్రాములు ఉంది. ఎంత ఇవ్వాలి? 250ని 500తో భాగించి 5తో గుణించాలి. జవాబు 2.5 మిల్లీలీటర్లు.

ఉదాహరణ 2: 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటలలో ఎక్కాలి. సెట్టు కవరు మీద మిల్లీలీటరుకు 20 చుక్కలు అని ఉంది. నిమిషానికి ఎన్ని చుక్కలు? 500ని 20తో గుణిస్తే 10,000. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే సుమారు 42 చుక్కలు.

మాలో ఒకరు కవరు చూడకుండా, పుస్తకంలో చదివిన 15 చుక్కలే గుర్తుంచుకుని 31 అని చెప్పింది. అలా పెడితే నాలుగు గంటల సెలైన్ ఎక్కడానికి దాదాపు అయిదు గంటల ఇరవై నిమిషాలు పట్టేది. సిస్టర్ గారు చూసి సరిచేశారు, తిట్టలేదు. "పరీక్షలో తప్పితే నీకు మార్కు పోతుంది, ఇక్కడ తప్పితే పోయేది నీది కాదు" అన్నారు. ఆ రోజు నుండి ముందు కవరు చదివాకే లెక్క వేస్తున్నాం.

మందు ఇచ్చే ముందు అయిదు సరిచూడాలి: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. ఇవి కంఠతా వస్తే చాలదు, ప్రతిసారీ చేయాలి.

వార్డులో

ముందు కాలేజీ ల్యాబులో బొమ్మల మీద నేర్పి, తర్వాతే రోగి దగ్గరకు పంపుతారు. మొదటి పాఠం చేతులు కడుక్కోవడం. సబ్బు నీళ్లతో 40 నుండి 60 సెకన్లు కడగాలి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు కాన్పుల వార్డులో వైద్యుల చేత క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించగా, బాలింతల మరణాలు బాగా తగ్గాయి.

తర్వాత నాడి, శ్వాస, ఉష్ణోగ్రత, రక్తపోటు చూడటం. పెద్దవారికి విశ్రాంతిలో నాడి నిమిషానికి 60 నుండి 100, శ్వాస 12 నుండి 20 ఉండాలి. శ్వాస లెక్కిస్తున్నట్టు రోగికి తెలియకూడదు. తెలిస్తే మామూలుగా పీల్చరు. అందుకే నాడి పట్టుకున్నట్టే ఉండి రొమ్ము కదలికను చూస్తాం.

ఒక విషయం రాయాలా వద్దా అని మేము వాదించుకున్నాం. రాయాలనే నిర్ణయించాం. మేము డ్యూటీ చేసిన ఒక వార్డులో ఒక పెద్దాయన మా ఊరు, మా ఇంటిపేరు అడిగి, మేమిచ్చిన మంచినీళ్లు తీసుకోలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాం. ఆ రాత్రి మాకెవరికీ అన్నం సయించలేదు. మర్నాడు కూడా ఆయన మంచం మా వంతుకే వచ్చింది. నాలుగో రోజు ఆయన శ్వాస 34 ఉండటం గమనించి, తల వైపు మంచం ఎత్తి, సిస్టర్ గారిని పిలిచింది మాలో ఒకరే. ఆక్సిజన్ పెట్టారు, తేరుకున్నారు. ఆయన మనసు మారిందో లేదో మాకు తెలియదు. ఆయన చార్టులో మా చేత్తో రాసిన అంకెలు మాత్రం సరిగ్గా ఉన్నాయి. మాకు అది చాలు.

చదువు అయ్యాక

రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుంటేనే ఉద్యోగం. ప్రభుత్వ ఆసుపత్రులలో స్టాఫ్ నర్సు పోస్టులు, ఎయిమ్స్ వారి నార్సెట్ పరీక్ష ఉన్నాయి. ఏడాది అనుభవం తర్వాత ఎం.ఎస్సీ.కి కూడా వెళ్లవచ్చు. "నర్సు పనా?" అని ఊళ్లో అనేవారు ఉంటారు. వాళ్ల ఇంట్లో జ్వరం వస్తే ముందు మన తలుపే తడతారు, మేము చూశాం.

చెల్లెళ్లూ! మనకు సబ్బులు లెక్కగా, పుస్తకాలు పంచుకుని వాడటం, పక్కనున్న పిల్లకు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేయడం కొత్త కాదు. నర్సింగుకు కావలసిన ఓపిక ఈ హాస్టలే మనకు నేర్పింది. చదువు మాత్రం మనం నేర్చుకోవాలి. ఈ రోజు స్టడీ అవర్లో పది వైద్య పదాలు, ఒక త్రైరాశికం లెక్క చేయండి. సందేహాలుంటే సెలవులకు మేము వచ్చినపుడు అడగండి.

ఇట్లు,
మీ అక్కలు,
పూర్వ విద్యార్థినులు