ముసలి కణాల ఏరివేత – వైద్య పర్యవేక్షణ ఎందుకు?

పమిడిముక్కల నుండి డెబ్బై ఏండ్లు దాటిన పెద్దాయన ఒకరు ఇటీవల నా వద్దకు వచ్చారు. అమెరికాలోని కుమారుడు పంపిన క్వెర్సెటిన్ మాత్రల సీసా ఆయన చేతిలో ఉన్నది. "ఇవి ముసలి కణాలను తీసివేస్తాయట డాక్టరు గారూ! డాసటినిబ్ అనే మాత్ర కూడా కలిపితే ఇంకా మంచిదట. వేసుకోమంటారా?" అని అడిగారు. ఆయన గుండెకు స్టెంటు వేయించుకొని, రక్తం గడ్డకట్టకుండా నిత్యం మందులు వాడుతున్నవారు. ఇట్టి సందేహం పాఠకులలో పలువురికి కలుగవచ్చును గనుక, ఆయనకు చెప్పిన సమాధానమే ఇక్కడ వ్రాస్తున్నాను.

ముసలి కణాలు అనగా ఏమి?

మానవ కణం సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతుందని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చూపారు. ఇట్లు ఆగిన కణాలు కొన్ని నశించక శరీరంలోనే నిలిచి, వాపు కలిగించే పదార్థాలను వెలువరిస్తూ పక్క కణాలనూ చెరుపుతాయి. మామిడిపండ్ల బుట్టలో ఒక పండు కుళ్ళితే తక్కినవాటి గతి ఏమగునో మనకు తెలిసినదే. వీటిని ఏరివేసే మందులను సెనోలిటిక్సు అంటారు. డాసటినిబ్, క్వెర్సెటిన్‌ల జంట ఎలుకలలో మేలు చేసినట్లు 2015లో మేయో క్లినిక్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2019లో ఊపిరితిత్తులు గట్టిపడే వ్యాధి గల 14 మందికి వారానికి 3 రోజుల చొప్పున 3 వారాలు ఇవ్వగా నడక కొంత మెరుగుపడినది. అయితే పోల్చి చూచుటకు మందు ఇవ్వని జట్టు లేదు. ఆరోగ్యవంతుల ఆయుష్షు పెరుగునని ఇంతవరకు రుజువు కాలేదు.

ఆయుర్వేద దృష్టి

మాసిన గుడ్డకు రంగు పట్టనట్లే, శోధనం జరగని శరీరానికి రసాయనం ఫలించదని సుశ్రుతుని ఉపమానం. మన పెడన కలంకారీ పనివారు కూడా గుడ్డను ఉతికి, కరక్కాయ నీటిలో తడిపిన పిమ్మటనే అచ్చు వేస్తారు. శోధనమూ, సెనోలిటిక్సూ ఒకటేనని నేననను. కాని రోగి బలం, వయస్సు, జఠరాగ్ని చూచి వైద్యుడే చేయించవలెనన్న నియమం రెండింటికీ వర్తిస్తుంది.

ప్రమాదం ఎక్కడ?

డాసటినిబ్ రక్తపు క్యాన్సరు మందు. ప్లేట్‌లెట్లను తగ్గించి రక్తస్రావం కలిగించవచ్చు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేర్చవచ్చు. పైగా ముసలి కణాలన్నీ శత్రువులు కావు. గాయం మానుటకు అవి కొంత తోడ్పడతాయి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనల బాటలో వచ్చిన మెథోట్రెక్సేట్‌ను చూడండి. క్యాన్సరు మందైన దానినే కీళ్ళవాతానికి తక్కువ మోతాదులో, వారానికి ఒక్కరోజు మాత్రమే ఇస్తారు. పొరపాటున ప్రతిదినం మింగి మరణించినవారున్నారు. మోతాదు, వ్యవధి తప్పితే ఔషధమే విషం.

పాటించవలసినవి

1. ఈ మందులను సొంతంగా వాడరాదు. అనుమతి పొందిన పరిశోధనలో, రక్తం, కాలేయం, గుండె పరీక్షలతోనే తీసుకొనవలెను.
2. వాడుతున్న మందులన్నీ, మూలికలతో సహా, వైద్యునికి చూపవలెను.
3. ఉల్లి, ఆపిల్‌లలో క్వెర్సెటిన్ సహజంగానే ఉన్నది. ఆహారంగా తినవచ్చును, మాత్రకు అది బదులు కాదు.
4. చుట్ట, బీడీ మాని, రోజూ నడిచి, వేళకు నిద్రించి, రక్తపోటు, మధుమేహం అదుపులో ఉంచుకొనవలెను.

పెద్దాయన సీసా మూత తీయకుండానే తమ గుండె వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళారు. కాలువగట్టుపై సాయంకాలపు నడక మాత్రం ఆ రోజే మొదలుపెట్టారు.