మానని కాలి పుండు: దాచిన కొద్దీ ముదురుతుంది

వైద్యుని ముందు కాలి కట్టు విప్పడానికి సంకోచించే రోగులను నేను 40 ఏళ్లుగా చూస్తున్నాను. నొప్పి కంటే పుండు దుర్వాసన వారిని ఎక్కువగా క్రుంగదీస్తుంది. పెళ్లి పిలుపు వస్తే ఏదో సాకు చెప్పి ఇంటనే ఉండిపోతారు. ఇంట్లోనూ వేరుగా మంచం వేయించుకొంటారు.

టిఫిన్ల దుకాణం నడిపే ఒక గృహిణికి ఎడమ చీలమండ పైన, లోపలివైపు, రెండేళ్లుగా పుండు. త్రిఫలా కషాయంతో కడిగించి, జాత్యాది తైలం వేయించాను. మూడు నెలలైనా పుండు తగ్గలేదు. అప్పుడు “రోజుకు ఎంతసేపు నిలబడతారమ్మా?” అని అడిగాను.

“తెల్లవారుజామున నాలుగింటి నుంచి పదకొండు దాకా పెనం దగ్గరేనండి. సాయంత్రం మళ్లీ అంతే.”

మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అది. అడగకపోవడం నా లోపమే. పిక్కలలో సిరలు ఉబ్బినప్పుడు రక్తం పైకి సరిగా చేరక క్రిందనే నిలుస్తుంది. చీలమండ వద్ద చర్మం నల్లబడి చిట్లుతుంది. ఆ కారణం తొలగనిదే పైపూత మందు ఫలించదు. డాప్లర్ పరీక్షలో ధమనుల రక్తప్రసారం బాగున్నదని తేలిన పిమ్మట, కాలివేళ్ల మొదలు నుంచి మోకాలి క్రింది వరకు సాగే గుడ్డతో కట్టు కట్టించాను. పెనం వద్ద ఎత్తు పీట వేయించాను. పడుకొన్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తున ఉంచమన్నాను. ఐదు నెలలకు పుండు మానింది. మళ్లీ రాకుండా నేటికీ ఆమె పగలు బిగుతు మేజోడు ధరిస్తున్నది.

సుశ్రుతుడు వ్రణానికి 60 ఉపక్రమాలను, 14 విధాల కట్లను వివరించాడు. ఆప్తమిత్రులు ప్రియమైన మాటలతో వ్రణవేదనను మరపించవలెనని కూడా చెప్పాడు. ఈ చివరి చికిత్స ఇంటివారి చేతిలోనే ఉన్నది.

పాటించవలసినవి:

1. పుండుపై సున్నం, బూడిద, కాఫీపొడి, ఆకుపసర్లు వేయరాదు. కాచి చల్లార్చిన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టవలెను.

2. మధుమేహం ఉన్నవారు, పాదం చల్లబడేవారు, నడిస్తే పిక్కలు పట్టేసేవారు పరీక్ష చేయించుకోకుండా బిగుతు కట్టు కట్టరాదు. వేళ్లు కుళ్లే ప్రమాదం ఉన్నది.

3. రెండు వారాలలో మానకపోతే వైద్యునికి చూపవలెను. జ్వరం, ప్రాకే ఎరుపు, నల్లదనం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లవలెను.

4. ఏళ్ల తరబడి ఉన్న పుండు అంచు గట్టిపడి పెరుగుతుంటే ముక్క పరీక్ష తప్పనిసరి. అరుదుగా అది క్యాన్సరుగా మారవచ్చును.

పుండు మానిన తరువాత ఆ గృహిణి నాతో అన్న మాట ఇది: “రెండేళ్లు నా ప్రక్కన ఎవరూ కూర్చోలేదండీ. కాదు, నేనే కూర్చోనివ్వలేదు.”