11 నెలల కాగితం కాపాడదు

ప్రశ్న: మర్పల్లిలో రోడ్డు మీద మాకు రెండు మడిగెలున్నాయి. 100 రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలల కిరాయినామా రాయించి నోటరీ చేయించాం. ఏటా పది శాతం పెంచాలని అందులో రాసుకున్నాం. కిరాయిదారు ఇప్పుడు పెంచనంటున్నాడు, ఖాళీ చేయనంటున్నాడు. తాండూరులో మా బావమరిదికీ ఇదే గొడవ. ఏం చేయాలి?

జవాబు: ఏడాది దాటని కిరాయికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకంతోనే అందరూ 11 నెలలని రాయించుకుంటారు. చాలా రాష్ట్రాల్లో అది నిజమే. మన తెలంగాణలో మాత్రం కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌ను ఉమ్మడి రాష్ట్రంలో సవరించారు. 1999 ఏప్రిల్ 1 నుంచి గడువు ఎంతైనా కిరాయి దస్తావేజు రిజిస్టర్ కావలసిందే. పాతికేళ్లు దాటినా ఈ సంగతి ఊళ్లకు చేరలేదు. కోర్టు మెట్లెక్కాక తెలుసుకుంటున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. కాబట్టి మీ పది శాతం షరతును ఆ కాగితంతో రుజువు చేయలేరు, అదే చట్టం 49వ సెక్షన్ అడ్డొస్తుంది. స్టాంపు డ్యూటీ తక్కువ కట్టి ఉంటే ఆ తేడాతో పాటు దానికి పది రెట్ల దాకా జరిమానా పడవచ్చు.

అలాగని మీ చేతిలో ఏమీ లేదనుకోకండి. రసీదులు, బ్యాంకులో పడ్డ కిరాయి చూపిస్తే అతను నెలవారీ కిరాయిదారని తేలుతుంది. 1882 ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ కింద రాతపూర్వకంగా, సంతకంతో, 15 రోజుల గడువిచ్చి పోస్టులో నోటీసు పంపండి. కొత్త కిరాయికి ఒప్పుకుంటే ఉండమని, లేదంటే ఖాళీ చేయమని అందులోనే రాయవచ్చు. ఏటా ఇంత శాతమే పెంచాలని మర్పల్లి లాంటి గ్రామ పంచాయతీలో ఏ చట్టమూ చెప్పదు, అది మాట్లాడుకున్నదాన్ని బట్టే. నోటీసుకూ కదలకపోతే సివిల్ కోర్టులో దావా వేయాలి.

తాండూరు మున్సిపాలిటీ కనుక అక్కడ 1960 కిరాయి నియంత్రణ చట్టం ఉంది. అయితే 2005 సవరణతో, కార్పొరేషన్లు కాని చోట నెలకు 2,000 రూపాయలు దాటిన కిరాయిలను దాని నుంచి తప్పించారు. మీ బావమరిది మడిగె కిరాయి అంతకు మించే ఉంటుంది కాబట్టి ఆయనదీ మీ దారే.

ఒక్క పని మాత్రం చేయకండి. కోపంలో తాళం వేయడం, కరెంటు తీయించడం. బలవంతంగా వెళ్లగొడితే కిరాయిదారు ఆరు నెలల్లోగా స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి మళ్లీ లోపలికి వస్తాడు. మడిగె మీదే అయినా ఆ దావాలో ఆ మాట పనికిరాదు.

పన్నెండేళ్లుంటే మడిగె వాళ్లదైపోతుందన్న భయం చాలామందికి ఉంది. కిరాయి కడుతూ ఉన్నవాడు యజమాని హక్కును కాదనలేడు, సాక్ష్య చట్టం ఒప్పుకోదు.

  

కొత్త కిరాయినామా రాసుకునే రోజున ఇద్దరూ కలిసి సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లండి. వకీలు ఖర్చు భారమైతే వికారాబాద్‌లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.