జుట్టు ఎందుకు రాలుతుంది?

"అత్తమ్మా, దువ్వెన నిండా జుట్టే! దిష్టి తగిలిందేమో" అంది కోడలు. ఆమె బాలింత. బిడ్డకు నాలుగో నెల.

అత్త ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయింది. నర్సమ్మ కంటిరెప్ప లాగి చూసింది. పాలిపోయి ఉంది. రక్తపరీక్ష చేయించింది.

"దిష్టి కాదమ్మా. కాన్పయిన మూడు నెలలకు చాలామందికి జుట్టు రాలుతుంది. ఏడాదిలోగా మళ్లీ వస్తుంది. కానీ నీకు రక్తం 9 గ్రాములే ఉంది. 12 ఉండాలి. రక్తం తక్కువైనా జుట్టు రాలుతుంది" అంది.

ఐరన్ మాత్రలు ఇచ్చింది. "టీతో వేసుకోకు. నిమ్మనీళ్లతో వేసుకో. పప్పు, ఆకుకూర, గుడ్డు తిను" అని చెప్పింది.

అత్త తల వంచుకుంది. పథ్యమని ఇన్నాళ్లూ కోడలికి కారప్పొడి అన్నమే పెట్టింది.

ఆ రాత్రి తోటకూర పప్పు వండింది. ముందు కోడలికే వడ్డించింది.

మీ ఊళ్లో బాలింతకు ఏం పెడతారు?